కొండకు జ్వరం

బుధవారం పొద్దున పదకొండు గంటలప్పుడు, రజిత ముందున్న కంప్యూటర్ తెర మీద ఒక కొండకు జ్వరం వచ్చింది.

ఎగతాళి కాదు, కార్డు మీద అచ్చంగా అలాగే రాసి ఉంది. 'కొండ ఇల్ విత్ ఫీవర్. టేకెన్ బై హిజ్ బ్రదర్.' కొండ జ్వరంతో పడి ఉన్నాడు, ఈ పురుగును పట్టింది అతని అన్నో తమ్ముడో అని. రజిత వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి. ఈ ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలు. పని మధ్యలో ఆ వేళ్ళు అలా ఆగడం అదే మొదటిసారి.

ఆ పనేమిటో కాస్త చెప్పాలి. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి కొత్తగా లేపిన అద్దాల మేడలో నాలుగో అంతస్తు. విదేశంలో ఏదో మ్యూజియం వాళ్ళు, తొంభై ఏళ్ళ కిందట దొరలు పట్టించిన పురుగుల కార్డులను ఫొటోలు తీసి పంపిస్తారు. ఇక్కడ పద్నాలుగు మంది ఆడపిల్లలు ఆ సిరారాతను చూసి గడుల్లో కొడతారు. పురుగు పేరు ఒక గడి, దొరికిన చోటు ఒక గడి, పట్టినవారు ఒక గడి, తేదీ ఒక గడి, మిగిలిందంతా 'వివరం' అనే గడి. ఒక్కో కార్డును ఇద్దరు విడివిడిగా కొట్టాలి. రజిత ఈ గోడ వార, ఆమె జంట దేవిశ్రీ ఆ గోడ వార. ఇద్దరూ కొట్టింది ఒకటే అయితే కంప్యూటర్‌కు అది నిజం. తేడా వస్తే కార్డు ఎర్రబడి చలపతిరావుగారి బల్లకు పోతుంది, తప్పెవరిదో ఆయన తేలుస్తారు. గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించి ఉంది: 'చూసింది కొట్టు. ఆలోచించకు.'

ఈ విడత వచ్చిన కార్డులన్నీ ఒకే పురుగువి. గూడెం కొండల మీద, నాలుగు వేల అడుగుల ఎత్తున, ఎప్పుడూ మంచు కమ్ముకుని ఉండే అడవిలో చెట్ల బెరడు మీద బతికే ముక్కుపురుగు. బియ్యంలో పట్టేదానికి పెద్దక్క అనుకోండి, బొటనవేలి గోరంత ఉంటుంది. దాని రెక్కల మీది పెంకులు రెండూ అతుక్కుపోయాయట, ఎగరలేదు. ఏ కొండ మీద పుట్టిందో ఆ కొండ మీదే నడిచి నడిచి చస్తుంది. ఎవరైనా తాకితే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. వివరం గడిలో ఇదంతా కొట్టీ కొట్టీ రజితకు కంఠతా వచ్చేసింది.

ప్రతి కార్డు చివరా ఒక మాట ఉంటుంది. కొన్నిటి మీద 'లాంగ్లీ' అని. ఆయన దొర. ఆయన్ని పట్టినవారి గడిలో కొడతారు. చాలావాటి మీద 'కొండ' అని. దాన్ని చోటు గడిలో, గూడెం హిల్స్ పక్కన కొడతారు. ఎందుకంటే చలపతిరావుగారు రాసిచ్చిన సూచనల కాగితంలో నాలుగో నంబరు ఇదీ: చివర కొండ, గుట్ట, పల్లి, పేట అని వస్తే అది చోటు. ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? రజిత ఉండేది మణికొండ, పొద్దున్నే గడప దాటి తలెత్తితే కనబడేది గోల్కొండ. తెలుగు రానివాడు ఆ బల్ల ముందు కూర్చుని ఉంటే ఆ తప్పు చెయ్యనే చెయ్యడు. తెలుగు వచ్చినందుకు పద్నాలుగు మందీ చేశారు.

కానీ కొండకు జ్వరమొస్తుందా? కొండకు అన్నదమ్ములుంటారా?

రజిత తండ్రి పేరు కొండయ్య. రజితను బళ్ళో వేసిన రోజు హెడ్మాస్టరుకు ఏం తొందరొచ్చిందో గాని, రిజిస్టర్లో తండ్రి పేరు 'కొండ' అని రాసి ఊరుకున్నాడు. పదో తరగతి మెమో మీద అదే అచ్చుపడింది. చిన్నప్పటినుంచి ఆ రెండక్షరాలను తండ్రి పేరు దగ్గర చూస్తున్న పిల్ల, ఇన్నాళ్ళూ వాటినే చోటు గడిలో కొడుతూ వచ్చింది. రజితకు ఒళ్ళంతా వేడెక్కింది. సిగ్గేసింది.

మధ్యాహ్నం చలపతిరావుగారు పెరుగన్నం డబ్బా మూత తీస్తుండగా వెళ్ళి నిలబడింది. ఆయనది రాజమండ్రి. సర్వే ఆఫీసులో రిటైరై ఇక్కడ చేరారు.

"సార్, జర ఒక కార్డు చూస్తరా?"

"అన్నం తిననియ్యవా తల్లీ?"

"కొండకు జ్వరమొచ్చింది సార్."

ఆయన పకపకా నవ్వారు. నవ్వుతూనే వచ్చి తెర ముందు వంగారు. చదివారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ చదివారు. నవ్వు పోయింది.

"ఇప్పటికి ఎన్ని కొట్టాం?"

"కొండ అని ఉన్నయి నాలుగు వందల పన్నెండు అయినయి సార్. ఇంక అరవై ఉంటయి, అన్నీ మా ఇద్దరి వంతుకే."

ఆయన గొంతు తగ్గించారు. "చూడమ్మా. శనివారం సాయంత్రానికి ఈ విడత కార్డుల లాటు వెళ్ళాలి. ఇప్పుడిది బయటపెడితే మొత్తం వెనక్కి లాగి మళ్ళీ కొట్టమంటారు. పది రోజులు పడుతుంది. సోమవారం నీకేదో ఉందన్నావు కదా?"

ఉంది. అదే అసలు సంగతి. టీచరు పోస్టుకు పరీక్ష రాసి రజిత పాసయింది. సోమవారం పది గంటలకు కలెక్టరేట్లో సర్టిఫికెట్లు చూపించాలి, జిరాక్సులు పనికిరావు. ఆ ఒరిజినల్సు, పదో తరగతి మెమో నుంచి బీఎడ్ దాకా, మేనేజర్ ఆదర్శ్ గదిలో ఇనప బీరువాలో ఉన్నాయి. ప్రతి లాటు మొదలయ్యేటప్పుడు అందరివీ పుచ్చుకుంటారు, అది పూర్తయితేనే ఇస్తారు. బతిమాలి చూసింది, ఏడ్చి చూసింది. 'లాటు వెళ్ళిన రోజు ఇస్తాం' అన్నాడు ఆదర్శ్. లాటు పది రోజులు ఆగితే టీచరు పోస్టు లేదు.

"ఎప్పుడో పోయినవాడమ్మా," అన్నారు చలపతిరావుగారు. "ఆయనకేం తెలుస్తుంది?"

"మనకు తెల్సింది గద సార్."

ఆయన డబ్బా దగ్గరికి వెళ్ళిపోయారు. అన్నం మాత్రం తినలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తల్లి అంజమ్మ వాకిట్లో కూచుని చాటలో బియ్యం చెరుగుతోంది. కొండయ్య అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. రాతిపొడికి కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి. రజిత పనిచేసే మేడకు ఎదురుగానే బండలు పగలగొట్టే పని ఆయనది.

రజిత గడప మీద కూలబడి సంగతంతా చెప్పింది. కొండయ్యకు నవ్వాగలేదు.

"నా పేరోడేనా? మంచిగైంది! జ్వరమొస్తే తమ్మున్ని తోలిండు సూడు, పని ఆపలే."

"నవ్వకు నాయినా. ఆయన పట్టిన పురుగులు, ఆయన పేరు యాడ లేదు."

"నా పేరు మాత్రం యాడున్నది బిడ్డా? మేస్త్రి హాజరు బుక్కుల నేను 'మణికొండ మూడు'. మణికొండకెళ్ళి వచ్చినోళ్ళల్ల మూడోటోణ్ణి. పేరు రాస్తే పుస్తకం నిండుతదంట." ఆయన ఇంకా నవ్వుతూనే తువ్వాలు దులుపుకున్నాడు. "నాకైతే ఏం ఫికర్ లేదు."

రజిత తండ్రి ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయన ఇంట్లో చెప్పనే లేదు.

అంజమ్మ చాట ఆపింది. మూలకు చేరిన ముక్కుపురుగును వేలితో తాకింది. అది కాళ్ళు ముడుచుకుని బియ్యం గింజల మధ్య బిగుసుకుపోయింది.

"గిట్ల పడుండు, రజితా. సోమవారం దాకా. నోరిప్పినవంటే సూడు! నీ కాయితాలు చేతికి రానీ, అటెన్క నీ ఇష్టం."

రజిత సరేనంది. మనసులో కూడా సరేననుకుంది.

గురువారం కొండ అని ఉన్నవి ముప్ఫై కార్డులు వచ్చాయి. ముప్ఫై సార్లూ చోటు గడిలోనే కొట్టింది. తెలియక కొట్టినప్పుడు చేతికి బరువుండదు. తెలిసి కొడుతుంటే ఆ అయిదక్షరాల ఇంగ్లీషు మాటకు వేళ్ళు పీకాయి. ఒక కార్డు మీద 'రోజంతా వాన' అని ఉంది. ఇంకోదాని మీద 'దివిటీ వెలుగులో వెతికాడు' అని ఉంది. వెతికింది ఎవరు? గూడెం హిల్స్, కొండ. మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కొట్టింది. తనమీద తనకే అసహ్యం పుట్టింది.

ఒంటిగంటకు బయట ఈల ఊదారు. బండలు పేల్చే వేళ. ఆ మేడ కిటికీలు తెరుచుకోవు, ఒకే పలక అద్దం. ఈల వినబడలేదు గాని, కూలీలు పరుగెత్తి లారీ చాటుకు పోవడం కనబడింది. వాళ్ళలో ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకున్నవాడు కొండయ్య. అందరికంటే వెనక, వంగి నడుస్తున్నాడు. 'ఉరుకు నాయినా' అని రజిత పైకే అంది. పక్క సీటు పిల్ల అదోలా చూసింది. కాసేపటికి అద్దం సన్నగా వణికింది. దుమ్ము లేచి మేడనంతా కమ్మేసింది. లోపలికి రవ్వంత కూడా రాలేదు.

శుక్రవారం పొద్దున మొదటి కార్డు మీదే ఇలా ఉంది: నలభై అడుగుల చెట్టెక్కి తెచ్చాడు. ఒక్కటే దొరికింది. కొండ.

రజిత చోటు గడిలో గూడెం హిల్స్ వరకే కొట్టింది. ట్యాబ్ మీట నొక్కి తర్వాతి గడిలోకి దిగింది. పట్టినవారు. అక్కడ 'కొండ' అని కొట్టేసింది.

కార్డు ఎర్రబడింది. ఆ గోడ వార దేవిశ్రీ ఎప్పటిలాగే చోటు గడిలో కొట్టింది మరి. చలపతిరావుగారు అటు చూశారు, ఇటు చూశారు, సూచనల కాగితం ప్రకారం చోటని తేల్చారు. రజిత ఖాతాలో ఒక తప్పు పడింది. రెండో కార్డూ అంతే. మూడోదీ అంతే. ఒక లాటులో పది తప్పులు పడితే ఆ పిల్లను ఆపేసి మూడు నెలలు మళ్ళీ ట్రైనింగ్‌లో కూచోబెడతారు, సర్టిఫికెట్లు బీరువాలోనే ఉంటాయి. రజితకు తెలియదా? బాగా తెలుసు. తల్లికిచ్చిన మాటా గుర్తుంది. అయినా ట్యాబ్ నొక్కుతూనే ఉంది. ఎనిమిది తప్పులు పడ్డాయి.

తొమ్మిదో కార్డు కొట్టి, ఎరుపు కోసం కళ్ళు మూసుకుంది. తెరిచి చూస్తే తెర మామూలుగానే ఉంది. తర్వాతి కార్డు వచ్చి నిలబడింది. ఏమీ అర్థం కాలేదు. అదీ కొట్టింది. ఎర్రబడలేదు.

మెల్లగా తల తిప్పి ఆ గోడ వైపు చూసింది. దేవిశ్రీ తెరలో తల దూర్చి కొట్టుకుపోతోంది.

టీ వేళకు నీళ్ళ మిషను దగ్గర దొరకబుచ్చుకుంది.

"నువ్వు గూడ కింది గడిలనే కొట్టినవా?"

"చలపతిరావుగారిని అడిగానండి, ఆ అమ్మాయి ఎందుకలా కొడుతోందని. చెప్పారు." దేవిశ్రీది భీమవరం దగ్గర పల్లెటూరు, తనకంటే చిన్నదాన్ని కూడా అండి అనే పిలుస్తుంది. "ఇంకో రెండు పడితే మీ సోమవారం పోతుంది కదండీ. అందుకని కొట్టాను. ఆ కొండెవరో నాకు తెలీదు. నన్నింకేం అడక్కండి."

గ్లాసు అక్కడే పెట్టేసి గబగబా వెళ్ళిపోయింది. రజితకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ రోజు తప్పు పడ్డ ఎనిమిదీ పోను ఇరవై రెండు కార్డుల్లోనూ కొండ మనిషిగానే ఉన్నాడు. ఇద్దరూ ఒకటే కొట్టారు, కంప్యూటర్ నిజమని ఒప్పుకుంది.

శనివారం మూడున్నరకు పని అయిపోయింది. పద్నాలుగు మందీ సంచులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. బీరువా తాళంచెవి ఆదర్శ్ వేలికి తిరుగుతోంది. పంపే ముందు రెండు పట్టీలు అచ్చుతీయడం ఆనవాయితీ, చోట్లన్నీ ఒకదాంట్లో, పట్టినవారంతా ఒకదాంట్లో. ఆ కాగితాలు పట్టుకుని ఆదర్శ్ గదిలోంచి బయటికొచ్చాడు.

"వాటీజ్ దిస్? ప్లేసుల్లో కొండ, నాలుగు వందల యాభై. పట్టినవాళ్ళలో కొండ, ఇరవై రెండు. ప్లేసా, పర్సనా? ఆ ఇరవై రెండూ ఎవరు కొట్టారు?"

ఆయనే కాగితం తిరగేసి పేర్లు చదివాడు. రజిత, దేవిశ్రీ లేచి నిలబడ్డారు.

"సరే, టైపింగ్ మిస్టేక్ అని ఇక్కడ సంతకం పెట్టండి. ఒక్క కమాండ్‌తో మార్చేస్తాను. అయిదింటికి పంపేద్దాం, అందరూ సర్టిఫికెట్లు పట్టుకుని ఇంటికెళ్ళచ్చు."

దేవిశ్రీ తల ఎత్తకుండా సంతకం పెట్టి పెన్ను రజితకు అందించింది. పెన్ను తీసుకుంటుంటే దేవిశ్రీ వేళ్ళు చల్లగా తగిలాయి.

సంతకం పెడితే చాలు, అయిదింటికల్లా కాగితాలు చేతికొస్తాయి. సోమవారం ఉంటుంది. గిట్ల పడుండు అంది అమ్మ. రజిత ఆ కాగితం వైపు చూసింది, బీరువా వైపు చూసింది, అద్దంలోంచి కింద సుత్తి ఎత్తుతున్న ఎర్ర తువ్వాలు వైపు చూసింది.

"తప్పు గవి కావు సార్," అంది. "ఆ నాలుగు వందల యాభై తప్పు. కొండ మనిషి."

"ఎవరు చెప్పారు?"

"కార్డే చెప్పింది సార్. జ్వరమొచ్చిందని ఉన్నది."

వెనకెవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో "అయ్యో, ఊరుకోవే" అని గొణిగారు. లాటు ఆగిపోతుందని అందరి ముఖాలూ పాలిపోయాయి. ఆదర్శ్ చలపతిరావుగారి వైపు తిరిగాడు. "ఏమండీ?"

చలపతిరావుగారు బల్ల మీది సూచనల కాగితాన్ని సరిచేశారు. అది సరిగ్గానే ఉంది. మళ్ళీ సరిచేశారు.

"సూచనల ప్రకారమైతే... చోటే సార్."

అంతే. ఆదర్శ్ గదిలోకి వెళ్ళి ఒక్క మీట నొక్కాడు. నిమిషం పట్టలేదు. చోట్ల పట్టీ మళ్ళీ అచ్చుతీశాడు. కొండ, నాలుగు వందల డెబ్బై రెండు. పట్టినవారి పట్టీలో లాంగ్లీ ఒక్కడే మిగిలాడు.

పది రోజులు మళ్ళీ కొట్టాలని మూడు రోజులుగా భయపడి చచ్చారు కదా! అదే మీటను అటు నుంచి ఇటు నొక్కి ఉంటే అదే నిమిషంలో నాలుగు వందల డెబ్బై రెండు కార్డుల్లోనూ కొండ మనిషయ్యేవాడు. ఎవరికీ తోచలేదు, ఎవరూ అడగలేదు.

ఆదర్శ్ బీరువా తెరిచాడు. మొట్టమొదట తీసింది రజిత ఫైలే.

"మీరు సోమవారం నుంచి రావద్దు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఉండదు. తీసేసినవాళ్ళు ఫ్లోర్ మీద ఉండకూడదు, ఇది పట్టుకుని ఇప్పుడే వెళ్ళండి."

నోరు విప్పితే ఆ బీరువా ఇక తెరుచుకోదని మూడు రోజులు వణికిన పిల్ల. నోరు విప్పాక అది అందరికంటే ముందు ఆమెకే తెరుచుకుంది. సంతోషపడాలో వద్దో తెలియలేదు. పద్నాలుగు నెలల పని పోయింది, పట్టీలోంచి కొండ అనే మనిషి కూడా పోయాడు. ఫైలు గుండెకు హత్తుకుని బయటికి నడిచింది.

చెప్పులు విడిచే చోటికి చలపతిరావుగారు వెనకాలే వచ్చారు. రజిత వంగి చెప్పు పట్టీ పెట్టుకుంటోంది.

"ఆ సూచనల కాగితం రాసింది నేనేనమ్మా."

"తెల్సు సార్."

"ఈ వయసులో నన్నింకెవడు పెట్టుకుంటాడు చెప్పు? అందుకని..." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలెట్టారు. "జ్వరం కార్డులో వివరం గడి ఎవరూ ముట్టుకోలేదు తల్లీ. నువ్వు కొట్టింది కొట్టినట్టే వెళ్తుంది. అక్కడ చదివేవాడికెప్పుడో తెలుస్తుందిలే."

"చదివెటోనికి తెలుగు రాకుంటె మంచిది సార్," అంది రజిత.

సోమవారం కొండయ్య పని మానుకుని కూతురితో వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కలెక్టరేట్ వరండాలో వరస సాగి సాగి పదకొండున్నరకు రజిత వంతు వచ్చింది. కొండయ్య బయట బెంచీ మీద, ఎర్ర తువ్వాలు ఒళ్ళో మడిచి పెట్టుకుని కూచున్నాడు.

లోపల అధికారి నెరిసిన మీసాల మనిషి. కాగితాలు ఒక్కొక్కటే వెలుగుకు ఎత్తి చూసి పచ్చ సిరాతో టిక్కు పెడుతున్నాడు. పదో తరగతి మెమో దగ్గర ఆగాడు.

"ఇదేంటమ్మా, తండ్రి పేరు దగ్గర ఊరి పేరు పడింది. కొండ అని ఉంది."

రజిత ఎందుకంత గట్టిగా మాట్లాడిందో ఆమెకే తెలియదు. వరసలో నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పారు.

"ఊరు కాదు సార్, మనిషి. కొండయ్య. మా నాయిన."

బయట బెంచీ మీద కూచున్న కొండయ్య, ఎవరో తన పేరుతోనే హాజరు పిలిచారనుకుని లేచి నిలబడ్డాడు.